మహదేవపూరు సీమలో బాలల పుస్తకములు: ఏ వయసుకు ఏది రుచించును?

గోదావరీ ప్రాణహితలు సంగమించుచోట సరస్వతియు అంతర్వాహినియై వచ్చి కలియుచున్నదని లోకము విశ్వసించు కాళేశ్వరక్షేత్రము మహదేవపూరు మండలములోనిదే యగుటచేత, తమది చదువులతల్లి నెలకొన్న సీమయని ఇక్కడివారు చెప్పుకొనుట సహజము. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు ఆ రేవుననే జరిగినవి. బిడ్డచేత పలకపై తొలి యక్షరము దిద్దించుట మన యిండ్లలో పెద్ద వేడుక. చుట్టములను పిలుతుము, పలకలును బలపములును పంచిపెట్టుదుము. కాని ఆ యక్షరములు పట్టువడిన పిదప బిడ్డ వానితో ఏమి చదువుకొని సంతోషింపవలెనను ప్రశ్నను మాత్రము ఇంటిలోగాని బడిలోగాని అంతటి శ్రద్ధతో ఎవరును వేసికొనుట లేదు. పాఠ్యపుస్తకము ఉన్నది, పరీక్ష ఉన్నది. ఈ రెంటితోను సంబంధము లేక, కేవలము చదువుటయందలి యానందముకొరకే చేతికి తీసికొను పుస్తకము ఏ వయసువారికి ఎట్టిది తగును, అది తెలుగున ఎక్కడ దొరకును, దానిని ఎన్నుకొనువారు ఏమి చూడవలెను అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

బాలలకు పుస్తకము కొనదలచిన పెద్దలలో అధికసంఖ్యాకులు మొదట చూచునది అందలి నీతిని. ఈ అలవాటు నేటిది కాదు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించిననాటినుండియు కథ యనగా నీతికి వాహనమనియు, నీతి లేని కథ వ్యర్థకాలక్షేపమనియు మన విద్యావ్యవస్థ నమ్ముచు వచ్చినది. అయినను అందలి పంచతంత్రకథలను విన్న యే పిల్లవాని నడిగినను, పింగళకుడను సింహము సంజీవకుడను ఎద్దు రంకె విని ఎట్లు జంకినదో, నక్కలు రెండును ఎట్లు మంతనములాడినవో ఉత్సాహముగా చెప్పునేగాని, ఆ కథ చివర నున్న హితవును చెప్పడు. కథయందలి ఉత్కంఠయు, పాత్రలయందలి జీవమును బాలుని పట్టి నిలుపుచున్నవి. నీతి యున్నచో అది వానిని వెన్నంటి వచ్చును, లేకున్నను నష్టము లేదు. కావున పుస్తకమును ఎన్నుకొనుటకు నేను అంగీకరించు ప్రమాణము ఒక్కటే: ఈ పుస్తకము ముగించిన పిల్ల మరియొకటి కావలెనని అడుగునా, అడుగదా? ఈ వ్యాసమున ఇకముందు చెప్పబోవు సమస్తమును ఆ ప్రమాణమునకు లోబడినదే.

వయసును గురించి ముందుగా ఒక హెచ్చరిక అవసరము. ప్రచురణకర్తలు అట్టలపై ముద్రించు వయోవిభాగములు పట్టణములలో, పుస్తకములు గల యిండ్లలో పెరిగిన పిల్లలను ఉద్దేశించినవి. మహదేవపూరు, పలిమెల వంటి అటవీమండలములలో పదేండ్లు నిండియు ఒత్తక్షరములయొద్ద తడబడు పిల్లలు కలరు. ఇంటిలో కోయభాషయో గోండీభాషయో మాటాడి, తెలుగును బడియందే మొదటిసారి విన్న పిల్లలును కలరు. అట్టివానికి ఐదేండ్లవారికై వ్రాసిన పిల్లి, కుక్కపిల్లల బొమ్మలపుస్తక మిచ్చినచో వాడు అవమానపడును. తోడివారు నవ్వుదురేమోయని దానిని దాచివేయును. వాని బుద్ధి పదేండ్లది, అనుభవము అంతకంటెను పెద్దది. మేకలను తోలుకొని అడవికి పోవును, దసలిపట్టుకాయలు ఏ మద్దిచెట్టుపై కట్టునో ఎరుగును. వానికి కావలసినది పదములు తేలికయై, వాక్యములు పొట్టివై, విషయము మాత్రము వాని వయసునకు తగినదైన పుస్తకము. ఇట్టివి తెలుగున మిక్కిలి కొరవడియున్నవి. బాలసాహిత్యకారులు ఈ లోటును గుర్తించి వ్రాయుట, నా దృష్టిలో, నూరు కొత్త నీతికథలు వ్రాయుటకంటె మేలు.

అక్షరములు రాని పసివారి విషయమున చెప్పవలసినది కొంచెమే. వారికి పుస్తకమనగా చదివి వినిపించు కంఠము. ఈ ప్రాంతమున రాత్రివేళ బాపమ్మను (నాయనమ్మను) శాత్రము, అనగా కథ, చెప్పుమని వేధించు పిల్లలు నేటికిని ఉన్నారు. పొడుపుకథలకును, జోలపాటలకును కొదువ లేదు. ఆ కంఠమునకు తోడుగా బొమ్మల పుస్తక మొకటి ఒడిలో నున్నచాలును. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాలపుస్తకాలయము, చెన్నైలోని తూలిక, 2004లో బెంగుళూరున స్థాపితమైన ప్రథమ్ బుక్స్ మున్నగు సంస్థలు తక్కువ వెలకు రంగుల బొమ్మలతో తెలుగు పుస్తకములు వెలువరించుచున్నవి. ప్రథమ్‌వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ద్వారా తెలుగుకథలు ఫోనులోను ఉచితముగా లభించును. అయినను ఈ వయసున కాగితపు పుస్తకమే మేలని నా నమ్మకము. ఏలయన పసిపిల్ల పుటను తానే త్రిప్పవలెను, తనకు నచ్చిన బొమ్మయొద్ద వ్రేలుంచి ఆగవలెను, చదువువారిని ఆపి ప్రశ్న వేయవలెను. చదువరానితల్లియు ఇట్టి పుస్తకమును బిడ్డకు చూపుచు బొమ్మలనుండియే కథ అల్లి చెప్పగలదు.

ఆరేడేండ్ల వయసున, తానుగా చదువనారంభించిన పిల్లకు, తెలుగులిపి ఒక ప్రత్యేకమైన కష్టమును కలిగించును. గుణింతములు వచ్చినంతమాత్రమున చదువు సాగదు. ద్విత్వసంయుక్తాక్షరములు అడుగడుగున అడ్డుపడును. కావున ఈ తరుణమున పుస్తకము కొనువారు నడిమి పుట నొకదానిని తెరచి, అందు ఒత్తులు గల పదములు ఎన్ని యున్నవో చూడవలెను; పేరాకు రెండు మూడు మించినచో ఆ పుస్తకమును ఒక యేడాది పిదపకు నిలుపుట మంచిది. ఒకే వాక్యము మరల మరల వచ్చు కథలు, ఒకదాని వెనుక నొకటి జంతువులు వచ్చి చేరు కథలు, ఈ వయసువారికి ప్రీతికరములు. తరువాతి పుటలో ఏమి రానున్నదో ఊహించి, ఊహించినదే రాగా పొందు గర్వము వారిచేత చదివించును. మాస్కోనుండి ప్రగతి, రాదుగ ప్రచురణాలయములవారు పంపిన తెలుగు పుస్తకములు ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణములలో అతిస్వల్పమైన వెలకు లభించి, రెండుమూడు తరముల బాలలకు ఈ ఆనందమును పంచినవి. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమగుటతో ఆ ధార ఎండిపోయినది. వానిలో కొన్నింటిని మంచిపుస్తకమను సంస్థ మరల ముద్రించి అందించుచున్నది. తెలుగు బాలలకు ఈ కాలమున ఇంతటి ఉపకారము చేసిన ప్రచురణసంస్థ మరియొకటి నాకు తోచుట లేదు.

ఎనిమిదినుండి పన్నెండేండ్ల వరకు గల కాలము పఠనజీవితమున స్వర్ణయుగము. ఈ కాలమున పుస్తకము రుచి మరిగినవాడు తరువాత దానిని విడువడు. మరుగనివానికి పిదప అలవరచుట బహుకష్టము. తెలుగున ఈ వయసువారి అదృష్టము చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగారలు ప్రారంభించిన ఆ పత్రికకు 1952 మొదలు 1980లో తాను మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకత్వపు భారము వహించిరి. ఆయన తీర్చిన వచనమును నేటికిని ఏ పిల్లకైనను నిస్సంకోచముగా చేతికీయవచ్చును: వాక్యము సూటిగా నడచును, వర్ణన కథకు అడ్డురాదు, రచయిత తల దూర్చి వ్యాఖ్యానింపడు, రాజైనను రజకుడైనను మాటాడినప్పుడు మనుష్యునివలెనే మాటాడును. 1954లో తోకచుక్కతో ప్రారంభమైన దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ ఇత్యాదులు, నెలకొకసారి ఆపదయొద్ద ఆగి, పై సంచికకొరకు పిల్లలను ఎదురుచూడజేసినవి. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యగారల చిత్తరువులు లేనిచో ఆ కథలకు సగము శక్తి యుండెడిది కాదు. అవి ఇటీవల పుస్తకరూపమున మరల వెలువడుట సంతోషింపదగిన విషయము. రాజులు, మాంత్రికులు, రాక్షసులు నిండిన ఆ లోకము నేటికాలపు బాలునకు పనికిరాదని వాదించువారు కలరు. వారితో నేను ఏకీభవింపను. అడవి, కొండగుహ, నది దాటుట, దారి తప్పుట ఇవియే ఆ కథల ఊపిరి. అవతలి యొడ్డున సిరోంచ కనబడుచుండగా గోదావరిని దాటిన పిల్లకు, పాండవులగుట్ట రాతిపడిగెల క్రింద ప్రాచీనులు గీచిన బొమ్మలను చూచిన పిల్లకు, ఆ లోకము పరాయిది కాదు.

అయినను చందమామలో ఒక లోటు కలదు. అందులో ఈ కాలపు బడి లేదు, కూలికి పోవు తల్లి లేదు, కులము లేదు, పిల్లలు నిజముగా మాటాడు భాష లేదు. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు ఆ చట్రమును బద్దలుకొట్టి పిల్లవాని గొంతును పుస్తకమునకు ఎక్కించెను. బాపుగారి గీతలతో అది చిరస్థాయి యైనది. కాని తండ్రిని బాపూయని పిలుచు ఈ సీమ పిల్లకు బుడుగు మాటలోని నుడికారము కొంత అర్థము కాదనియు, అందలి వ్యంగ్యము పెద్దలనే అధికముగా అలరించుననియు నా యభిప్రాయము. పదమూడేండ్ల పిదప చదువనిచ్చుట మేలు. నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి సినబ్బ కథలు చిత్తూరు మాండలికమున, మహమ్మద్ ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కథలు నెల్లూరి మాండలికమున బాల్యమును చెప్పినవి. తెలంగాణపు పలుకుబడిలో, ఉత్తర గోదావరీతీరపు పిల్లలజీవితమును చెప్పు బాలల నవల ఇంకను తగినంతగా రాలేదు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో వెలువరించిన బాలల పుస్తకశ్రేణియందు గోగు శ్యామల, జూపాక సుభద్ర మొదలగువారు దళితబాలికల బడియనుభవములను, ఊరియనుభవములను కథలుగా చెప్పుట ఆ దిశలో మేలైన యడుగు. హాస్టలులో చదువుకొను బాలికకు ఇట్టి కథ ఒక్కటి అందినను, తనవంటిది పుస్తకమునకు ఎక్కదగినదేయను ధైర్యము కలుగును.

ఇక్కడ మన నేలపై పుట్టిన మహాకవుల మాట ఎత్తక తప్పదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథునిది, బమ్మెర పోతనది. ఇరువురును పండితులకే పరిమితులనుట వట్టి భ్రాంతి. శివునికి తల్లి లేదుగదాయని జాలిపడి తానే తల్లియై పెంచబూనిన బెజ్జమహాదేవి కథ, గుడిలోని దేవుడు గిన్నెడు పాలు నిజముగా త్రాగవలెనని పట్టుబట్టిన గొడగూచి కథ, బసవపురాణమున నున్నవి. ఎనిమిదేండ్ల పిల్ల మనస్సును ఇంతకంటె చక్కగా ఎరిగిన కథకుని నేనెరుగను. సోమనాథుని ద్విపదను పిల్లచేత చదివింపనక్కరలేదు. పెద్దలు చదివి, తమ మాటలలో చెప్పినచాలును. పోతన గజేంద్రుని మొసలి పట్టిన ఘట్టమును గొంతెత్తి చదివి వినిపింపుడు. అర్థము సగమే తెలిసినను ఆ నాదమునకు పిల్లలు చెవియొగ్గుదురు. అదే జిల్లాలోని మాణిక్యపురమున పుట్టిన చుక్క సత్తయ్యగారి ఒగ్గుకథను రాత్రి తెల్లవార్లు కూర్చుండి వినినది పిల్లలతో కూడిన ఊళ్లే యని మరువరాదు. దీర్ఘమైన కథను ఓపికతో వినగలుగుట దీర్ఘమైన పుస్తకమును చదువగలుగుటకు మొదటి మెట్టు.

పదకొండు పండ్రెండేండ్లు వచ్చుసరికి కొందరు పిల్లలు కథలనుండి మరలి, ఇది ఎట్లు జరుగును, అది ఏల జరుగును అని అడుగనారంభింతురు. పెద్దలు దీనిని చదువుటయం దాసక్తి తగ్గుటగా పొరబడుదురు. వారికి కావలసినది వేరు పుస్తకము, అంతియే. మహీధర నళినీమోహన్‌గారి పిడుగుదేవర కథ, కాలెండరు కథ వంటివి ఆ వయసునకు అమృతప్రాయములు. శాస్త్రమును చులకన చేయక, పిల్లను చులకన చేయక, ఇంటిలో మాటాడుకొను తెలుగున వ్రాసినవి. తరువాత నండూరి రామమోహనరావుగారి నరావతారము, విశ్వరూపము ఇయ్యవచ్చును. ఆయనయే మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను, స్టీవెన్‌సన్ నవలను కాంచనద్వీపమను పేరను తెలుగు చేసిరి. తెప్పపై మిసిసిపీ నదిలో తేలిపోవు హకల్‌బెరీ ఫిన్‌ను గోదావరీతీరపు పిల్లలు చుట్టమువలె ఆదరింతురనుటలో నాకు సందేహము లేదు. జపాను రచయిత్రి తెత్సుకో కురోయనాగి తన బాల్యమును చెప్పిన తొత్తోచాన్ తెలుగున రైలుబడిగా వచ్చినది. రైలుపెట్టెలే తరగతిగదులైన ఆ బడి కథను పిల్లలకంటె ముందు ఉపాధ్యాయులు చదువవలెను.

కౌమారమున, అనగా పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు, పుస్తకము నెన్నుకొనుట పెద్దల చేతినుండి జారిపోవును, జారిపోవలెను కూడ. ఈ వయసున ఎక్కువమంది చదువుట మానివేయుటకు పదవతరగతి పరీక్ష ఒక కారణము, ఫోను మరియొక కారణము; కాని వీనితోబాటు, వారి వయసునకు తగిన పుస్తకములు ఇచ్చుటకు మనము జంకుట మూడవ కారణమని నేను తలంచుచున్నాను. ప్రేమ, మరణము, అన్యాయము, తిరుగుబాటు ఇవి లేని పుస్తకము పదునారేండ్లవానికి నిజమనిపింపదు. ఐత్‌మాతొవ్ జమీల్యాను ఉప్పల లక్ష్మణరావుగారు తెలుగు చేసిరి. పెండ్లియైన స్త్రీ తన హృదయము చెప్పినదారిన పోవుటను మరిదియైన కుర్రవాడు చూచి చెప్పు ఆ కథను ఆడుపిల్లలకు చదువనీయుటకు కొందరు తల్లిదండ్రులు వెనుదీయుదురు. చదువనిచ్చి, పిదప వారితో మాటాడుట మంచిదని నా సలహా. అలెక్స్ హేలీ రూట్స్‌ను సహవాసిగారు ఏడుతరాలుగా సంక్షేపించి అనువదింపగా 1980లో ప్రారంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్టు దానిని ప్రచురించినది. వెట్టిచాకిరి చేసిన తాతముత్తాతలు గల యిండ్లలోని యువకులకు ఆ నల్లజాతి కుటుంబపు చరిత్ర హృదయమునకు తాకును.

ఆ వెట్టినే మన నేలపై చూపిన నవల చిల్లరదేవుళ్లు. దాని రచయిత దాశరథి రంగాచార్యులు నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరువారు; అన్నగారైన కవి కృష్ణమాచార్యులు జన్మించినదియు అక్కడనే. దొరల గడీలను తమ ఊళ్లలో శిథిలములుగా చూచుచున్న పిల్లలు వానిలో ఒకనాడు ఏమి జరిగెనో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ద్వారము లేదు. కాకతీయుల కాలమునందు ఆసక్తి కలవారికి అడవి బాపిరాజుగారి గోనగన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రిగారి రుద్రమదేవి ఉన్నవి; గణపురపు కోటగుళ్లను చూచివచ్చిన వారమున ఇచ్చినచో ఆ పుస్తకముల బరువు తెలియదు. కాని ఈ సీమ కుర్రవారికి ఒక్క పుస్తకమే ఇయ్యగలిగినచో నేను ఇచ్చునది వనవాసి. విభూతిభూషణ బందోపాధ్యాయుని ఆరణ్యకను సూరంపూడి సీతారాంగారు తెనిగించిరి. అడవిభూమిని పంచిపెట్టి సాగులోనికి తెచ్చుటకు వచ్చిన ఉద్యోగి, ఆ అడవిని ప్రేమించి, తన చేతులతోనే దానిని రూపుమాపవలసివచ్చిన వ్యథ అందలి విషయము. చెట్లు కొట్టివేయబడుటను, బొగ్గుగనులును జలాశయములును నేలను ఆక్రమించుటను కండ్లార చూచుచు పెరిగినవారికి అది తమ కథయే. త్వరగా సాగు కథ కావలెననువారికి కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడు ఇయ్యవచ్చును. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, ఒక రాత్రి, అడవి, ఇంతమాత్రముతో ఊపిరి బిగబట్టి చదివించును.

మధుబాబు షాడో నవలలను, అద్దెపుస్తకముల దుకాణములలో చేతులు మారిన మరి యితర డిటెక్టివు నవలలను గురించి మన విమర్శకులు చులకనగా మాటాడుదురు. నేను మాటాడను. వేగముగా చదువుట, పుటలను మరచి కథలో మునుగుట వేలకొలది యువకులకు నేర్పినవి అవియే. వానిని లాగికొనుటకంటె, వాని ప్రక్కన మరియొక మంచి పుస్తకమును పెట్టుట ఫలప్రదము.

ఇన్ని పుస్తకములు చెప్పితిమి. ఇవి మహదేవపూరునకు ఎట్లు చేరును? కొనుక్కొను శక్తి గల యిండ్లు కొలదియే గనుక మార్గము గ్రంథాలయమే. తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు ఘనమైన చరిత్ర కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయసూత్రములలో ప్రతి పాఠకునకు తన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తన పాఠకుడు ఉండవలెనను నియమము పిల్లలయెడ అన్నిటికంటె ఎక్కువగా వర్తించును. నేడు ఆస్తిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచునే యున్నాము. బడులకును పుస్తకములు వచ్చుచునే యున్నవి. కాని పెక్కుచోట్ల అవి బీరువాలలో తాళముల వెనుక నుండును. చింపుదురేమోయను భయము ఉపాధ్యాయులకు సహజము. నష్టమునకు జవాబు తామే చెప్పవలెనుగదా. చిరిగిన పుస్తకమును లెక్కనుండి కొట్టివేయు అధికారము ప్రధానోపాధ్యాయునకు స్పష్టముగా ఇచ్చినగాని ఆ తాళములు ఊడవు.

ఎంపిక విషయమున ఒక్క మార్పును సూచింతును. కొనుగోలుకు ముందు మాదిరి పుస్తకములను తెప్పించి, కాళేశ్వరము, అంబట్‌పల్లి, మహదేవపూరు బడుల పిల్లల యెదుట ఒక వారము పరచియుంచవలెను. ఏది చదువవలెనో వారికి చెప్పరాదు. ఏది నచ్చినదని మాత్రము అడుగవలెను. నచ్చనిదానిని మొదటి పుటలోనే విడిచిపెట్టు స్వేచ్ఛ వారికి ఉండవలెను. ఎక్కువ చేతులు మారిన పుస్తకములను రెండేసి మూడేసి ప్రతులు కొని, ఎవరును ముట్టనివానిని ఎంతటి పేరుగల రచయితవైనను పట్టికనుండి తొలగింపవలెను. నది కావలి యొడ్డున ఇంటిలో తెలుగు మాటాడుచు బడిలో మరాఠీ చదువుకొను సిరోంచ పిల్లలకును ఆ వారమున ఒక దినము కేటాయింపవచ్చును; వారు సానే గురూజీ శ్యామ్‌చీ ఆయీని మన పిల్లలకు తమ మాటలలో చెప్పుదురు, మన పిల్లలు వారికి తోకచుక్కను చదివి వినిపింతురు.